గుర్రపు పిల్లను జీనుకు మరపడం: స్వభావం, శిక్షణ

మనిషిని ఎన్నడూ మోయని లేత గుర్రాన్ని జీనుకు, కళ్లేనికి, రౌతు బరువుకు అలవాటు చేసి, కదలడం, ఆగడం, మళ్లడం అనే ప్రాథమిక సంకేతాలను నేర్పే ప్రక్రియ జీనుకు మరపడం. పల్లెల్లో కోడెను కాడికి మరపడం వంటిదే ఇది. అయితే కోడెకు పక్కన నడిచే పాత ఎద్దు తోడుంటుంది. గుర్రం మాత్రం తనకు సరిగా కనబడని వీపు మీదికి ఎక్కిన మనిషిని ఒంటరిగా భరించాలి. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. వీపు మీదికి ఏదైనా దూకితే విదిలించి పారిపోవడం దాని సహజగుణం. ఆ గుణాన్ని నమ్మకంతో అదుపులోకి తేవడమే ఈ శిక్షణకు మూలం. దీనికి కొన్ని వారాలు పట్టవచ్చు, కొన్ని నెలలూ పట్టవచ్చు. ఎంత కాలం పడుతుందనేది శిక్షకుడి నైపుణ్యంతో పాటు గుర్రం స్వభావం మీద ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

గుర్రాల శిక్షణపై లభించిన అతి పాత గ్రంథాల్లో ఒకటి మితన్ని దేశస్థుడైన కిక్కులిది. సుమారు క్రీ.పూ. 14వ శతాబ్దానికి చెందిన ఈ రచన హిట్టైట్ల రాజధాని హట్టుసాలో మట్టి పలకల మీద దొరికింది. రథాశ్వాలకు మేత, నీరు, స్నానం, పరుగు ఏ రోజు ఎంతెంతో రోజువారీ క్రమంలో ఇందులో ఉంది. గుర్రాన్ని ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పే పదాల్లో సంస్కృత సంఖ్యలకు దగ్గరి రూపాలు కనిపించడం వల్ల భారతీయ భాషా చరిత్రకారులకూ ఇది ముఖ్యమైన ఆధారమైంది.

గ్రీకు రచయిత జెనొఫోన్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో స్వారీపై రాసిన గ్రంథంలో లేత గుర్రాన్ని శిక్షకుడికి అప్పగించేటప్పుడు అది ఏమేమి నేర్చుకుని రావాలో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలన్నాడు. గుర్రం దగ్గరికి కోపంతో వెళ్లరాదన్నాడు. జంకిన గుర్రాన్ని కొట్టి ఆ వస్తువు దగ్గరికి తోస్తే భయం రెట్టింపవుతుందని కూడా చెప్పాడు. ఆధునిక ప్రవర్తనా శాస్త్రం ఈ మాటల్లో మార్చవలసింది దాదాపు ఏమీ కనిపించదు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడికి ప్రత్యేక ప్రకరణం ఉంది. కాంభోజ, సింధు, ఆరట్ట, వనాయు దేశాల గుర్రాలు ఉత్తమమైనవని చెప్పి, ప్రతి గుర్రాన్నీ తీక్ష్ణ, భద్ర, మంద స్వభావాలను బట్టి యుద్ధానికో స్వారీకో నియోగించమంటుంది ఈ గ్రంథం. పుట్టిన దేశంతో ఆగకుండా ఒక్కొక్క గుర్రపు స్వభావాన్ని విడిగా చూసి పని అప్పగించమనడం దీని విశేషం. తరువాతి అశ్వశాస్త్ర సంప్రదాయానికి శాలిహోత్రుడు మూలపురుషుడు (చూ. అశ్వశాస్త్రం). కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి మానసోల్లాసం గుర్రాల శిక్షణను రాజవినోదాల్లో భాగంగా వర్ణించింది. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రాన్ని పద్యాల్లో రచించాడు.

దక్కను రాజ్యాలకు మేలుజాతి గుర్రాలు ఎక్కువగా సముద్రం మీదుగా వచ్చేవి. విజయనగర రాజు ఏటా హొర్ముజ్ గుర్రాలూ దేశవాళీవీ కలిపి 13,000 కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఓడ దిగిన గుర్రానికి కొత్త నేల, కొత్త మేత, కొత్త భాష. వాటిని సైన్యానికి సిద్ధం చేయడం పెద్ద వ్యవస్థ లేకుండా సాధ్యం కాదు. కాకతీయుల కాలంలోనే సాహిణి అనే బిరుదు అశ్వదళ పర్యవేక్షకులకు ఉండేది. కాయస్థ నాయకుడు గంగయ సాహిణి అందుకు ఉదాహరణ.

ఐరోపాలో 1550లో నేపుల్స్‌కు చెందిన గ్రిసోనె రాసిన స్వారీ గ్రంథం మొరాయించే గుర్రాలకు కఠిన శిక్షలు సూచించింది. తరువాతి తరాల్లో ఫ్రాన్సుకు చెందిన ప్లువినెల్, ఆపై 18వ శతాబ్దంలో లా గెరినియేర్ ఆ ధోరణిని వెనక్కి నెట్టి, ఓపికతో కూడిన క్రమశిక్షణను నిలబెట్టారు. 1858లో అమెరికన్ జాన్ రేరీ ఇంగ్లండ్‌లో క్రూయిజర్ అనే అతి దుష్టమైన మగ గుర్రాన్ని లొంగదీసి ఖ్యాతి పొందాడు. ముందు కాలిని మడిచి పట్టీతో కట్టి, గుర్రాన్ని నెమ్మదిగా పడుకోబెట్టే పద్ధతి అతనిది. తన కాలానికి అది దయగల మార్గంగానే కనిపించింది. గుర్రం నిస్సహాయమై లొంగిపోవడాన్ని ప్రశాంతతగా పొరబడే ప్రమాదం మాత్రం అందులో ఉంది.

కాలిఫోర్నియా పశుపాలకుల సంప్రదాయం మరో దారి పట్టింది. వారు నోట్లో ఇనుము పెట్టకుండా ముక్కు మీది అల్లిక పట్టీతో శిక్షణ మొదలుపెట్టి, కొన్నేళ్ల తరువాతే పూర్తి కళ్లేనికి మారేవారు. అమెరికా పశ్చిమ ప్రాంతానికే చెందిన టామ్ డోరెన్స్, రే హంట్ 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో గుర్రం వైపు నుంచి ఆలోచించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. నేటి మెత్తని శిక్షణ పద్ధతులు చాలావరకు వారి ప్రభావంతో వచ్చినవే.

వయసు, ఎముకల ఎదుగుదల

శిక్షణ ఏ వయసులో మొదలుపెట్టాలన్నది ఇప్పటికీ వివాదాంశమే. గుర్రం కాళ్ల ఎముకల్లో ఎదుగుదల పొరలు గిట్టకు దగ్గరగా ఉన్నవి ముందు, పైవి తరువాత మూసుకుంటాయి. మోకాలికి పైనున్న ఎముక కింది కొన సుమారు రెండు, రెండున్నర ఏళ్లకు గట్టిపడుతుంది. వెన్నుపూసలు పూర్తిగా ఎదగడానికి ఐదేళ్లు దాటుతుంది. రౌతు కూర్చునేది వెన్ను మీదే కనుక ఈ తేడా ముఖ్యమైనది.

పందెపు థరోబ్రెడ్‌లకు సుమారు ఏడాదిన్నర వయసులోనే జీను వేసి, రెండో ఏట పరుగెత్తిస్తారు. ఐరోపా వార్మ్‌బ్లడ్ గుర్రాలకు సాధారణంగా మూడో ఏట, ఐస్‌లాండ్ గుర్రాలకు నాలుగో ఏట మొదలుపెడతారు. లేత వయసులో మితమైన వ్యాయామం ఎముకను బలపరుస్తుందని, కొట్టంలో కట్టేసి పెంచిన పిల్లల ఎముకలు బలహీనంగా ఉంటాయని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి ఆలస్యం చేసినంత మాత్రాన మేలు జరగదు. లేత గుర్రానికి కావలసింది పరిగెత్తడానికి తగినంత మైదానం, ఆపైన తేలికపాటి రౌతు, తక్కువ సమయం. పెద్ద గుర్రం సైతం జీనుతో కలిపి తన బరువులో ఐదో వంతుకు మించి మోయరాదన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. 400 కిలోల గుర్రానికి ఇది 80 కిలోలవుతుంది. లేత గుర్రానికి ఇంకా తక్కువ ఉండాలి.

నోటి విషయమూ చూడాలి. పాల పళ్లు ఊడి ముందు పళ్లు మారడం రెండున్నర ఏళ్లకు మొదలై నాలుగున్నర ఏళ్ల వరకు సాగుతుంది. చాలా గుర్రాలకు దవడ పళ్ల ముందు చిన్న అదనపు పళ్లు ఉంటాయి. కళ్లెం తగిలి నొప్పి పుట్టకుండా వాటిని పశువైద్యుడి చేత ముందే తీయిస్తారు.

గుర్రం నేర్చుకునే తీరు

స్వారీ సంకేతాలు ఎక్కువ భాగం ఒత్తిడి, సడలింపు అనే సూత్రం మీద నడుస్తాయి. రౌతు పిక్కతో పక్కటెముకల మీద మెల్లగా నొక్కుతాడు. గుర్రం అడుగు వేసిన క్షణంలోనే నొక్కడం ఆపేస్తాడు. గుర్రానికి పాఠం చెప్పేది ఆ ఆపడమే. సడలింపు ఆలస్యమైతే గుర్రం అడుగు వేసిన తరువాత చేసిన మరో పనిని, ఉదాహరణకు తల విదిలించడాన్ని, సరైన జవాబుగా నేర్చుకుంటుంది. అనుభవం లేని చేతుల్లో గుర్రాలు పాడవడానికి ప్రధాన కారణం ఇదే.

మేత ముక్కతోనో మెడ దగ్గర గోకడంతోనో బహుమతి ఇవ్వడం రెండో మార్గం. మెడ మొదట్లో, జూలు ముగిసే చోట గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని తేలింది. గుర్రాలు పరస్పరం గోక్కునేది కూడా అక్కడే. మూడోది అలవాటు పడటం. టార్పాలిన్ చప్పుడు, జీను కదలిక వంటివాటిని కొద్దికొద్దిగా, గుర్రం భరించగల మోతాదులో చూపిస్తూ పోతే బెదురు తగ్గుతుంది. పారిపోయే వీల్లేకుండా ఒక్కసారే ముంచెత్తితే కొన్ని గుర్రాలు నిశ్చలంగా నిలబడిపోతాయి. అది నేర్చుకోవడం కాదు, ప్రయత్నం మానుకోవడం.

రోజూ పాఠం చెప్పడం కంటే వారానికి ఒకటి రెండుసార్లు చెప్పినప్పుడు గుర్రాలు తక్కువ పాఠాలతో నేర్చుకున్నట్టు ప్రయోగాల్లో కనబడింది. ఒకసారి నేర్చినది ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటాయి, భయపడ్డ సంఘటనను మరీ ఎక్కువగా. అందుకే మొదటి కొన్ని వారాల్లో జరిగే ప్రమాదాలకు అంత ప్రాముఖ్యం.

శిక్షణ దశలు

పని జీనుతో మొదలవదు. పుట్టిన నాటి నుంచి మనిషి చేతికి అలవాటు పడటం, తలతాడు వేయించుకోవడం, నడిపిస్తే నడవడం, గిట్టలు శుభ్రం చేయడానికి కాలు ఎత్తి ఇవ్వడం ముందే జరగాలి. పిల్లను బలవంతంగా పట్టుకుని నిమరడం కంటే తల్లి గుర్రాన్ని పిల్ల కళ్లెదుట మెత్తగా రుద్దడం ఎక్కువ ఫలితమిస్తుందని ఫ్రెంచి పరిశోధకులు గమనించారు. తల్లి నెమ్మదిగా నిలబడటం చూసిన పిల్లలు తరువాత మనుషుల దగ్గరికి తామే వచ్చాయి.

తరువాత నేల మీది పాఠాలు. పొడవాటి తాడుతో వలయంలో తిప్పుతూ నడక, ట్రాట్ (మెల్లని పరుగు), ఆగడం నేర్పుతారు. వెనక నుంచి రెండు పొడవాటి పగ్గాలు పట్టుకుని నడిపిస్తూ మలుపులు నేర్పుతారు. గుర్రం వీధుల్లో, చెట్ల మధ్య ఒంటరిగా ముందు నడవడం ఇక్కడే అలవాటవుతుంది. ఈ దశను తొందరపడి దాటేసినవారు రౌతు ఎక్కిన తరువాత అదే పాఠాన్ని ఎక్కువ ప్రమాదంతో చెప్పవలసి వస్తుంది.

జీను వేయడంలో కీలకమైన ఘట్టం పొట్ట పట్టీ. ముందు ఉత్త గుడ్డను వీపు మీద వేసి తీస్తారు, రెండు వైపుల నుంచీ. తరువాత జీనును మెల్లగా దించుతారు. పట్టీ ముందు కాళ్ల వెనక, ఛాతీని చుట్టి ఒత్తుతుంది. లేత గుర్రం ఇక్కడ ఊపిరి బిగబట్టి, వీపు పైకి ఉబ్బించి నిలబడుతుంది. చూసేవారికి అది నెమ్మదిగా ఉన్నట్టే కనిపిస్తుంది. ప్రమాదం మొదటి అడుగులో ఉంది. కదలగానే పట్టీ బిగుసుకుంటుంది, జీను వీపు మీద కదులుతుంది, గుర్రం ఎగిరి పడుతుంది. అందుకే శిక్షకుడు ఎడమ భుజం పక్కన నిలబడి, జీను జారనంత బిగువుగా, నొప్పి పుట్టనంత వదులుగా పట్టీ కట్టి, నాలుగడుగులు నడిపించి ఆపి, మరో రంధ్రం బిగిస్తాడు. మళ్లీ నడిపిస్తాడు. పట్టీని మరీ వదులుగా వదిలేయడం దయ కాదు. జీను పొట్ట కిందికి తిరిగిపోతే గుర్రం కాళ్ల మధ్య వేలాడే వస్తువును తన్నుకుంటూ పరిగెత్తుతుంది. ఆ భయాన్ని పోగొట్టడానికి నెలలు పడుతుంది.

ఎక్కడం కూడా ముక్కలు ముక్కలుగానే సాగుతుంది. రౌతు పక్కన నిలబడి ఎగురుతాడు. ఎత్తు పీట ఎక్కి తన తల గుర్రం తలకంటే పైన కనబడేలా నిలుస్తాడు. తరువాత జీను మీద అడ్డంగా బోర్లా వాలి, రెండో వైపు చేత్తో నిమురుతాడు. గుర్రం ఆ బరువుకు కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకోవాలి. సర్దుకోవడానికి దానికి వ్యవధి ఇవ్వాలి. చివరకు కాలు పిరుదుకు తగలకుండా దాటించి కూర్చుంటాడు. తాడు పట్టుకున్న సహాయకుడు తలను కొద్దిగా పక్కకు తిప్పి మొదటి అడుగు పక్కకు వేయిస్తాడు. నేరుగా ముందుకు వేయించడం కంటే ఇది క్షేమం. చెవులు ముందుకీ వెనక్కీ ఆడుతుంటే, దవడ వదులై నాలుక కదిలితే ఉద్రిక్తత సడలుతోందని అర్థం. దవడ బిగిసి, కంటి తెల్లగుడ్డు కనబడితే రౌతు వెంటనే దిగాలి.

ఆ తరువాతి కొన్ని నెలలు 15, 20 నిమిషాల స్వారీలే. అనుభవమున్న పెద్ద గుర్రాన్ని ముందు నడిపిస్తూ ఆరుబయటకు తీసుకెళ్తారు. క్యాంటర్ (మధ్యస్థ వేగపు పరుగు), దౌడు సమతూకం కుదిరిన తరువాతే.

స్వభావం: నిర్వచనం, కొలత

వయసు, పరిస్థితి మారినా స్థూలంగా నిలకడగా ఉండే ప్రవర్తనా ధోరణులను స్వభావం అంటారు. ఫ్రాన్సులోని పరిశోధకులు గుర్రాల స్వభావాన్ని ఐదు కొలతలుగా విడదీశారు. అవి భయశీలత, మంద మీద ఆధారపడటం, మనుషుల పట్ల స్పందన, కదలిక చురుకు, చర్మ స్పర్శకు సున్నితత్వం. గుర్రం ఎదుట హఠాత్తుగా గొడుగు తెరవడం, తోటి గుర్రాల నుంచి విడదీయడం, సన్నని నైలాన్ పోగుతో చర్మాన్ని తాకి వణుకు చూడటం వంటి పరీక్షలు ఇందుకు వాడతారు. ఎనిమిది నెలల వయసులో కనబడిన భయశీలత రెండున్నర ఏళ్లకూ పెద్దగా మారలేదు.

స్వభావంలో వంశపారంపర్యం ఉంది. థరోబ్రెడ్‌లలో ఒక డోపమైన్ గ్రాహక జన్యువులోని తేడాకూ కుతూహలానికీ సంబంధాన్ని జపాన్ పరిశోధకులు 2005లో ప్రకటించారు. అరబ్బు, థరోబ్రెడ్ వంటివి చురుకైనవని, బండి లాగే భారీ జాతులు నెమ్మదైనవని వాడుకలో చెప్పే విభజన సగటుకు వర్తిస్తుంది. ఒక్కొక్క గుర్రం విషయంలో అది తరచూ తప్పుతుంది.

మన అశ్వశాస్త్రాలు, నేటి గుర్రాల వ్యాపారులు సుడులకు చాలా ప్రాధాన్యం ఇస్తారు. నుదుటి సుడి ఎత్తు, దిశలకూ ప్రవర్తనకూ కొంత సంబంధం ఉండవచ్చని కొన్ని అధ్యయనాలు సూచించాయి. అయితే ఒక సుడి చూసి గుర్రం యజమానికి చేటు తెస్తుందనే నమ్మకానికి ఆధారం లేదు. ఆ నమ్మకం వల్ల మంచి గుర్రాలు ధర పలకక చేతులు మారుతూ పోతున్నాయి, అలా చేతులు మారినప్పుడే అవి నిజంగా చెడిపోతాయి.

స్వభావాన్ని బట్టి శిక్షణ

నేర్చుకునే సూత్రాలు అన్ని గుర్రాలకూ ఒకటే. మారేది మోతాదు, వేగం, క్రమం. బెదురు గుర్రానికి కొత్త వస్తువును దూరం నుంచి చూపి, అది తల దించి వాసన చూసేదాకా ఆగాలి. పాఠం చిన్నది, రోజువారీ క్రమం ఒకేలా ఉండాలి. కలత చెందినా త్వరగా తేరుకునే బెదురు గుర్రాలు చక్కని స్వారీ గుర్రాలవుతాయి. బెదురు ఒక్కటే నేర్చుకోవడానికి అడ్డు కాదు, ప్రయోగాల్లో కొన్ని పనులను అలాంటివే వేగంగా నేర్చుకున్నాయి.

మందకొడి గుర్రం విషయంలో పొరపాటు వేరే రకంగా జరుగుతుంది. అది స్పందించలేదని రౌతు పదేపదే మడమతో పొడుస్తాడు. గుర్రం ఆ పొడుపుకు అలవాటు పడి మరింత మొద్దుబారుతుంది. సంకేతం ఒక్కసారి మెల్లగా ఇచ్చి, జవాబు రాకపోతే స్పష్టంగా పెంచి, కదలగానే పూర్తిగా మానేయాలి. పాఠాలు విసుగు పుట్టకుండా మారుతూ ఉండాలి. చర్మం సున్నితమైన గుర్రానికి మామూలు పిక్క ఒత్తిడే కొరడా దెబ్బలా తోస్తుంది. దానికి శరీరాన్ని నిశ్చలంగా ఉంచుకోగల రౌతు కావాలి. మందను విడిచి ఉండలేని గుర్రాన్ని తోడు గుర్రంతో కలిసి బయటికి తీసి, ఎడం కొద్దికొద్దిగా పెంచుతారు. మనిషిని నెట్టుకుంటూ మీదికి వచ్చే ధైర్యం గల గుర్రాలు కూడా ఉంటాయి. భయం లేని ఆ పిల్లలు మొదట్లో సులువుగా కనిపించి, హద్దులు నేర్పకపోతే మూడో నెలలో కష్టపెడతాయి.

స్వభావమని ముద్ర వేసే ముందు నొప్పిని వెతకాలి. నప్పని జీను, పళ్ల పుళ్లు, వెన్నునొప్పి, పందెపు గుర్రాల్లో తరచుగా కనిపించే కడుపు పుండ్లు, ఇవన్నీ కరవడం, మొరాయించడం, పట్టీ కట్టేటప్పుడు పళ్లు చూపడం రూపంలోనే బయటపడతాయి. నెమ్మదైన గుర్రం హఠాత్తుగా మొండికేస్తే కొరడా తీయడం కాదు, వైద్యుణ్ని పిలవడం మొదటి పని. పెంపకమూ లెక్కలోకి వస్తుంది. మేత మైదానం లేక, రోజంతా కొట్టంలో ఉండి, దాణా ఎక్కువగా తినే గుర్రం ఉడుకు స్వభావం గలదానిలా కనిపిస్తుంది. విత్తులు తీసిన మగ గుర్రాలు సాధారణంగా ఏకాగ్రతతో పనిచేస్తాయి, అయితే అప్పటికే అలవాటైన దూకుడు శస్త్రచికిత్సతో పూర్తిగా పోదు.

భారతదేశంలో

బ్రిటిష్ కాలంలో సైన్యానికి ఆస్ట్రేలియా నుంచి వేలర్ గుర్రాలు ఓడల్లో వచ్చేవి. విశాలమైన బీళ్లలో మనిషి చేయి పెద్దగా తగలకుండా పెరిగిన వీటిని సైన్యానికి గుర్రాలను సమకూర్చే రిమౌంట్ డిపోల్లో స్వారీకి సిద్ధం చేసేవారు. నేడు ఆ బాధ్యత సైన్యంలోని రిమౌంట్, వెటర్నరీ కోర్‌ది. సహారన్‌పూర్‌లో దాని శిక్షణ కేంద్రం ఉంది (చూ. 61వ అశ్వదళం). మార్వాడీ, కాఠియావాడీ జాతులు చురుకైనవి, మనిషిని గుర్తుపట్టి అంటిపెట్టుకునేవిగా పేరున్నవి. మహారాష్ట్రకు చెందిన భీమ్‌తడి జాతి గట్టి కాళ్లకు, ఓర్పుకు ప్రసిద్ధి. విశాఖ మన్యంలోని కొండ గూడేల్లో సంతకు సరుకు మోసే పొట్టి గుర్రాలు జీను కంటే ముందు బరువుకే అలవాటు పడతాయి.

హైదరాబాదులో మలక్‌పేట రేస్ కోర్సు, నగర పోలీసు అశ్వదళం, ఐపీఎస్ శిక్షణార్థులకు స్వారీ నేర్పే జాతీయ పోలీసు అకాడమీ గుర్రాల శిక్షణకు ముఖ్య కేంద్రాలు. పోలీసు గుర్రానికి జనసమ్మర్దం, బాణసంచా, జెండాల రెపరెపలు భయం కలిగించకూడదు కనుక ఎంపికలోనే భయశీలతను చూస్తారు. పందేల నుంచి విరమించిన థరోబ్రెడ్‌లు స్వారీ క్లబ్బులకు చేరినప్పుడు వాటికి రెండో శిక్షణ అవసరమవుతుంది. జాకీని సాయిసు మోకాలి కింద పట్టి పైకి ఎత్తితే నడుస్తుండగానే ఎక్కించుకోవడం వాటికి అలవాటు. పగ్గాలు బిగిస్తే వేగం పెంచమని అర్థం చేసుకుంటాయి. ఎత్తు పీట పక్కన కదలకుండా నిలబడటం, పగ్గం బిగువుకు నెమ్మదించడం, పిక్క ఒత్తిడికి ముందుకు సాగడం అనే మూడూ వాటికి పూర్తిగా కొత్త పాఠాలు. ఐదారేళ్లు వచ్చిన గుర్రమైనా లేత పిల్లకు చెప్పినట్టే మొదటి నుంచి చెప్పాలి.